సామ్యూల్ జీవితానికి తొంభై తొమ్మిది మార్కులు

జకర్యా ఇంగ్లీషులో వాక్యం మొదలుపెడితే అది మౌలాలిలో బయల్దేరి, మధ్యలో ఎక్కడా ఆగకుండా కాజీపేట దాకా పోయేది. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో ఎక్కించిన ఇంగ్లీషు అది. రైల్వే గూడ్సు ఆఫీసులో ఉద్యోగమంతా దాన్ని వాడుకుని, రిటైరయ్యాక చర్చికి అంకితం చేశాడు. వాళ్ల చర్చిలో ఎవరికైనా కృతజ్ఞతా కూటం పెడితే ప్రార్థన తెలుగులో, పాటలు తెలుగులో జరుగుతాయి. ఆ మనిషి జీవిత సంగ్రహం మాత్రం ఇంగ్లీషులో చదవడం ఆనవాయితీ. రాసేది జకర్యాయే. ఆయన రాతలో ఒక టికెట్ కలెక్టరు టికెట్ లేదని తుఫానును బండి దించేశాడు. ఒక నర్సమ్మ టైఫాయిడును చెవి పట్టుకుని గేటు దాటించింది. వింటున్నవాళ్లు ఆమేన్ అనేవారు.

పోయిన కూటంలో ఎవరికో బుద్ధి పుట్టి ఆ రాతను గోడ మీద తెర కట్టి చూపించారు. చెవికి దొరకని తప్పులన్నీ కంటికి దొరికాయి. వెనక బెంచీల్లో కుర్రకారు కిసకిసలాడింది. జకర్యా ఆ రోజు బిర్యానీ కూడా తినకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

అందుకే సామ్యూల్ ఎనభయ్యో పుట్టినరోజుకు రాయమని అతని భార్య రోసమ్మ అడిగితే వెనకాడాడు. సామ్యూల్ పాత ఇంజన్ డ్రైవరు, జకర్యాకు ప్రాణస్నేహితుడు. ఈ మధ్య ఆయన జ్ఞాపకం మంచులో చిక్కుకున్న బండిలా ఎక్కడెక్కడో నిలబడిపోతోంది. సొంత వరండాలో కూర్చుని, ఇల్లెప్పుడొస్తుందని అడుగుతున్నాడు.

"మంది కోసం కాదన్నా," అంది రోసమ్మ. "అది విని ఆయన 'గిది నేనే' అనాలె. ఒక్కసారి అంటే చాలు నాకు."

"నా ఇంగ్లీషు చూసి నవ్వుతున్నరమ్మా."

"మా ఫెయిత్ కంప్యూటర్ల ఏదో ఉందంట. తప్పులన్నీ అదే దిద్దుతదంట."

ఫెయిత్ రోసమ్మ కోడలు. కార్ఖానా ఏరియాలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. సెలవు రోజు మధ్యాహ్నం వరండాలో లాప్‌టాప్ తెరిచి జకర్యా ముందు పెట్టింది. ఆయన రెండు వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు. అడుగడుగునా ఎర్రగీత వెలిగేది. మీట నొక్కగానే ఆరిపోయేది. ఎదురుగా మౌలాలి గుట్ట ఎండలో కునికిపాట్లు పడుతోంది. గీతలు ఒక్కొక్కటే కరిగిపోతుంటే, సిగ్నళ్లన్నీ ఇచ్చేసిన లైను మీద, స్టేషన్లే లేని దేశంలో, చప్పుడు లేని బండిలో తేలిపోతున్నట్టు అనిపించింది ఆయనకు.

"అంకుల్, ఇంజన్‌కి దగ్గు పట్టుకుంటే మామయ్య తేనె పోశాడని రాశారు. ఇది తీసెయ్యమంటోంది."

"అబద్ధమని పట్టేసిందా?"

"అబద్ధం గిబద్ధం దానికి తెలీదంకుల్. వాక్యం పొడుగైందంట, అంతే."

"అయితే తీసెయ్. మా సిస్టర్ల కన్నా నయమే, చేతిల బెత్తం లేదు."

అలా తేనె పోయింది. తర్వాత దగ్గు పోయింది. ఆఖరికి ఇంజనే పోయింది. పొద్దువాలేసరికి కంప్యూటర్ వందకు తొంభై తొమ్మిది మార్కులు వేసింది. సిస్టర్ల దగ్గర ఎన్నడూ అత్తెసరు దాటని జకర్యా ఆ అంకెను కళ్లజోడు తుడుచుకుని మరీ చూసుకున్నాడు.

కూటంలో చదివే ముందు సామ్యూల్‌కు వినిపిద్దామన్నాడు. రోసమ్మ భర్త చొక్కా గుండీలు సరిచేసి, కుర్చీ తెచ్చి వేసి, తాను గుమ్మంలో నిలబడింది. జకర్యా గొంతు సవరించుకుని చదివాడు. సామ్యూల్ నిజాయితీపరుడు, కష్టజీవి. కుటుంబాన్ని ప్రేమించాడు, సమాజానికి సేవ చేశాడు. ఎక్కడా కుదుపు లేదు.

సామ్యూల్ శ్రద్ధగా విని చప్పట్లు కొట్టాడు. "మంచిగుంది. ఎవరాయన? ఎప్పుడు పోయిండు?"

రోసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఫెయిత్ తల దించుకుంది. ఏమీ తోచనప్పుడు జకర్యా జీవితమంతా ఏం చేశాడో ఇప్పుడూ అదే చేశాడు. అబద్ధమాడాడు.

"ఒరేయ్ సామ్యూలూ, ఘట్‌కేసర్ దాటినంక చంద్రుడు పట్టాల మీద పడి నిద్రపోతుంటే, నేనే గదా దిగి భుజానేసుకుని పక్కన పండబెట్టిన! యాదుందా?"

సామ్యూల్ కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"అంత వెన్నెల నా చొక్కాకు అంటింది. ఉతికినా పోలే."

"చంద్రుడేందిరా?" అన్నాడు సామ్యూల్ మెల్లగా. "అది ఆవు. తెల్లావు."

"చంద్రుడే. నాకు సలాం సుత కొట్టిండు."

"నీకా? నువ్వు యాడున్నవ్‌రా అప్పుడు? ఆఫీసుల బల్ల మీద గుర్రు పెడుతున్నవ్! బండాపింది నేను. దిగింది నేను. తోక పట్టి గుంజి, తన్నులు తిన్నది నేను! గీ మోకాలికే తన్నింది, చూడు!" సామ్యూల్ లుంగీ పైకి లాగి మోకాలు చూపించాడు.

రోసమ్మ గుమ్మంలోకి ఎప్పుడు వచ్చిందో, ఏడుస్తోందో నవ్వుతోందో ఎవరికీ తెలియలేదు.

"ఇంకోటి చెప్పన్నా," అంది. "దీనికన్నా పెద్దది."