పిన్ని లాప్‌టాప్‌లో దూరిన దొంగ

మా పిన్ని పిరికిది. తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది, ఆపైన బాబాయి చేత లాగిస్తుంది. మేం నవ్వుతాం. కానీ డాక్టర్లు రికార్డు చేసి పంపే రోగుల వివరాలను పదకొండేళ్లుగా ఇంట్లో కూర్చుని టైపు చేస్తోంది. ఇన్నేళ్లలో ఒక్క మాట బయటికి పొక్కలేదు. దర్జీ పని చేసే బాబాయికి చూపు తగ్గాక ఇల్లు నడిచేది ఆ టైపు మీదే.

ఆదివారం ఫోన్ చేసింది. "నా లాప్‌టాప్‌లో ఎవరో దూరారురా. పనికి కూర్చోగానే ఫ్యాను హోరెత్తిపోతోంది. నాతోపాటు ఇంకెవరో వింటున్నట్టుంది."

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసేది నేనే కదా. లాప్‌టాప్ కెమెరా మీద దెబ్బలకు వేసే పట్టీ అంటించి ఉంది. పిన్ని నన్ను వంటగదిలోకి లాక్కెళ్లి, కుళాయి తిప్పి ఆ చప్పుడు చాటున మాట్లాడింది.

"అనుమానమొస్తే చాలు, వెంటనే రాసి పంపాలని కంపెనీవాళ్లు సంతకం పెట్టించుకున్నారు. అలా రాసిన ఇద్దర్ని మళ్లీ పనికి పిలవలేదు."

"అనుమానం పెనుభూతం పిన్నీ. ముందు నన్ను చూడనీ."

పైకి అలా అన్నాను గానీ, తెర మీద అంకెలు చూశాక నాకూ అనుమానమొచ్చింది. కంప్యూటరు మీద ఎంత పని పడుతోందో చూపే లోడు, ఒకటి లోపు ఉండాల్సింది, తొమ్మిది దాటింది. నడుస్తున్న ప్రోగ్రాముల వరుసలో అన్నిటికంటే పైన నేనెప్పుడూ వినని పేరు. ఆపేశాను. అర నిమిషంలో మళ్లీ వచ్చింది. పిన్ని నా భుజం గట్టిగా పట్టుకుంది.

"చూశావా? చంపినా లేస్తోంది!"

నెట్‌లో ఆ పేరు వెతికాను. తీరా చూస్తే అది కదలికను పసిగట్టే ఒక సెన్సార్ సర్వీసు. లాప్‌టాప్‌ను ఎటు తిప్పితే అటు తెరను తిప్పడం దాని పని. లాప్‌టాప్‌ను నడిపించే లినక్స్ అడిగినప్పుడల్లా, ఆపేసినా మళ్లీ లేస్తుంది. ఇంతలో బాబాయి కుట్టుమిషను తొక్కాడు. లోడు పైకెగిరింది. కాలు ఆపాడు, దిగింది. కిటికీ వెలుతురు కోసం ఇద్దరూ ఒకే బల్ల మీద, ఒకే వేళకు పని చేస్తారు. ప్రతి కుట్టుకూ బల్ల అదురుతోంది, లాప్‌టాప్‌ను ఎవరో తిప్పుతున్నారనుకుని ఆ సర్వీసు తెరిపి లేకుండా లెక్కలు వేస్తోంది.

ఎవరు అడిగినా లేవకుండా దాన్ని మూసేశాను. బాబాయి ఎంత తొక్కినా ఫ్యాను పలకలేదు.

"ఇదిగో నీ దొంగ! కట్టుకున్న మొగుడే!" అని పకపకా నవ్వాను.

పిన్ని కుర్చీలో కూలబడింది.

"పొద్దున్నే రాసి పంపేశానురా."

పని పేజీ తెరిచాను. ఆమె పాస్‌వర్డ్ కొడితే చెల్లదంది, అప్పుడే పనిలోంచి తీసేశారు. నాకు ఒళ్లు మండింది.

"నేను వస్తున్నానని తెలుసుగా! ఒక్క పూట ఆగలేకపోయావా?"

"ఆ ఒక్క పూటలో ఎవరి జబ్బు ఎవరి చెవిన పడుతుందో... నా పని కోసం వాళ్ల గుట్టు పోనివ్వనా?"

బాబాయి మిషను మీంచి చేతులు తీశాడు. "జరిగింది రాస్తే మళ్లీ తీసుకుంటారా?"

తీసుకుంటారన్నాను. పిన్ని నా మొహంలోకి చూసి, లాప్‌టాప్ మూసేసింది.