పొద్దుగాల లేవనీకి ఒక పని

మంగళవారం ఉదయం మా ఇంటి ఓనరమ్మ కన్నుమూసింది. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఆమె ఇంటి కింది వాటాలో, పత్రికలో రాసే నేనూ నా భార్యా పదకొండేళ్లుగా ఉంటున్నాం. పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. ఎనిమిదేళ్ల కిందట ఆమెకు రొమ్ము క్యాన్సర్‌ ఆపరేషన్ అయింది. ఈ వేసవిలో జబ్బు కాలేయంలో మళ్లీ కనిపించింది.

ఆపరేషన్ జరిగిన వైపు ఎడమ చెయ్యి వాచేది. దానితో బరువులు ఎత్తొద్దని, గీరుకుపోనివ్వొద్దని డాక్టర్లు చెప్పారు. ఆ చేతికి గాజులు మానేసింది. మట్టి పనికి తొడుగు వేసుకునేది. ఒకసారి లాడ్ బజార్‌లో అర డజను గాజులే వేయించుకుంటే, దుకాణదారు రెండో చెయ్యి కూడా చాపమన్నాడు.

"దానికి ఛుట్టీ ఇచ్చిన భాయ్. మస్తు చాకిరి చేసింది, ఇగ కూసోని తింటది" అంది.

మూడేళ్ల కిందట నా భార్యకూ అదే జబ్బు వచ్చింది. చికిత్స ముగిసినా మంచం దిగేది కాదు. ఒక ఉదయం పెద్దమ్మ మా గుమ్మంలో నిలబడింది.

"డాబా మీద కుండీలల్ల మెంతులు చల్లిన బిడ్డా. నీళ్లెవరు పోస్తరు? మీ ఆయన పేపర్ల రాస్తె తడుస్తదా?"

మొదటి రోజు నాలుగు మెట్లు. రెండో వారానికి డాబా. సగం మగ్గు నీళ్లు, ఎండ ముదరకముందే దిగిరావడం. మా ఇంట్లో పచ్చళ్లు తగ్గి ఆకుకూర పెరిగింది.

ఆకుకూర మీద నమ్మకం ఎక్కువై నా భార్య జబ్బు తిరగబెట్టకుండా రోజూ వేసుకోవాల్సిన మాత్ర మానేసింది. పది రోజులు నాకే తెలియలేదు. పెద్దమ్మ కనిపెట్టి డాబా తలుపుకు తాళం వేసింది.

"గోళీ ఏసుకొని రా. గప్పుడు తీస్త."

"ఈ తోటే నాకు మందు కదా, పెద్దమ్మా."

"ఎవరు చెప్పిన్రు గిట్ల? రోగం సంగతి డాక్టర్ చూస్తడు. పొద్దుగాల లేవనీకి మనకో పని గావాలె. గందుకే గీ కుండీలు."

పెద్దమ్మ అంత్యక్రియల నుంచి వచ్చాక నా భార్య గోడవైపు తిరిగి పడుకుంది.

"ఆవిడ రోజూ నడిచింది. సరిగ్గా తింది. ఒక్క మాత్ర మానలేదు. ఏమైంది? ఇంక నాకెందుకండీ ఇదంతా?"

మూడు రోజులు మాత్ర నేనే చేతిలో పెట్టాను. ఆమె డాబా ఎక్కలేదు.

ఈ ఉదయం నాకు మెలకువ వచ్చేసరికి ఆమె పక్కన లేదు. పైన నీళ్లు పోస్తున్న చప్పుడు. నేను వెళ్లలేదు. కాసేపటికి దిగివచ్చి పొయ్యి వెలిగించింది. మెట్ల మీద తడి పాదాల గుర్తులు ఉన్నాయి. పెద్దమ్మవి కూడా కలిపి రోజూ రెండు జతలుండేవి. ఉన్న ఆ ఒక్క జతా పై మెట్టు నుంచి మెల్లగా ఆరిపోతూ వచ్చింది.