నొప్పి తెలియని పాదం

పత్తికొండ టమోటా మార్కెట్టులో హనుమంతమ్మ ఇరవై ఏండ్లుగా కాయలు ఏరుతోంది. పోయిన ఎండాకాలం ఒక పొద్దున షెడ్డు బండల మీద ఆమెకు రక్తపు మరకలు కనబడినాయి. ఎవరిదో కాలు తెగిందని వాటి వెంబడే పోయింది. అవి గంపల మధ్య తిరిగి తిరిగి, ఆమె కూర్చునే పీట దగ్గరే ఆగినాయి.

కాలెత్తి చూసుకుంది. చెప్పులోంచి మేకొకటి బొటనవేలి కింద నిలువునా దిగి ఉంది.

"నొప్పి లేదా అక్కా?" అనడిగింది పక్కన కాయలేరే రెజీనా.

"లేదు," అంది హనుమంతమ్మ. ఆ మాట అన్నాకనే ఆమెకు భయం పట్టుకుంది.

కర్నూలు ఆసుపత్రిలో చూస్తే షుగరు నాలుగు వందలు దాటింది. కాళ్ల నరాలు ఎప్పుడో మొద్దుబారినాయని డాక్టరు పద్మప్రియ చెప్పింది. సూదులు, మందులు మొదలుపెట్టి మూడు నెలలైనా పుండు మానలేదు. చివరికి డాక్టరమ్మ అందులో వణికే జెల్లీ బిళ్ల ఒకటి పెట్టింది.

"మందు దీంట్లోనే ఉంది. కొంచెం కొంచెంగా పుండులోకి దిగుతుంది. మూడు రోజులు కట్టు విప్పొద్దు. దీనికీ మానకపోతే పాదం తీయాల్సి రావచ్చు."

రెండో రోజుకే వాసన మొదలైంది. మొగుడు కంబన్న ఉండబట్టలేక కట్టు విప్పినాడు. లోపలంతా పచ్చగా, బంకబంకగా ఉంది. అతని చేతులు ఆగిపోయినాయి.

"ఏముండాది?"

"ఏం లేదులే. కర్నూలు పోదాం పా."

బస్సులో హనుమంతమ్మ దారి పొడుగునా ఎక్కేవాళ్ల, దిగేవాళ్ల కాళ్లే చూస్తా కూర్చుంది.

డాక్టరమ్మ సెలైను పోసి కడిగింది. పచ్చటి ముద్ద జారిపోయింది. కింద ఎర్రగా, కొత్త మాంసం.

"చీము కాదిది. పుండులో నీరు పీల్చుకుని జెల్లీ ఇట్లా ఉబ్బుతుంది. మీకు ముందే చెప్పుండాల్సింది, తప్పు మాదే."

కంబన్న డాక్టరమ్మకు రెండు చేతులెత్తి మొక్కినాడు. హనుమంతమ్మ మాత్రం ఆ ఎరుపును ఎవరి కాలో చూసినట్టు చూస్తాంది.

మరో పది వారాలకు పుండు పూడింది. ఆ రోజు డాక్టరమ్మ ఆమెను కండ్లు మూసుకోమంది.

"వేలితో ముట్టుకుంటా. తెలిస్తే చెప్పు."

హనుమంతమ్మ శానాసేపు కాచుకుంది. "ఇంకా పెట్టలేదా అమ్మా?" అంది.

కండ్లు తెరిచేసరికి డాక్టరమ్మ బొటనవేలు కొత్త చర్మం మీద గట్టిగా ఒత్తి ఉంది. మానింది పుండేగాని నరం కాదని అప్పుడు అర్థమైంది. ఏడుపు కూడా రాలేదామెకు.

ఇప్పుడామె మెత్తటి బూట్లేసుకొని మళ్లీ కాయలేరను పోతోంది. రోజూ పొద్దున కంబన్న ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకొని, వేళ్ల సందులు కూడా విడదీసి చూస్తాడు. పెండ్లాం కాళ్లు పట్టుకున్నాడని వీధిలో నవ్వేవాళ్లున్నారు. అతను పాదాల మీంచి చూపు తిప్పడు.