ఈశాన్యంలో ఇసుకతొట్టి

మా పిల్లి తొట్టిలోకి ముందుకాళ్లు రెండే పెట్టేది. వెనకకాళ్లు, తోక, అసలు పని జరిగే భాగం బయటే ఉండేవి. చాలా పద్ధతిగా నడుచుకుంటున్నదానిలా ముఖం ఇసుకకేసి పెట్టి కళ్లు సగం మూసుకునేది. పని అయ్యాక, ఏమీ పడని ఇసుకను శ్రద్ధగా తవ్వి, లేనిదాన్ని కప్పెట్టి, బయట పడ్డదానిలో ఒక కాలు వేసి హాల్లోకి నడిచేది. తెల్లటి టైల్స్ మీద ఆ కాలి ముద్రలు సోఫా దాకా వెళ్లి ఆగేవి. సోఫా మీద అది కూర్చుని తనను తాను నాకి శుభ్రం చేసుకునేది. తరువాత అదే నాలుకతో నా భార్య చెయ్యి నాకేది.

పిల్లి నా భార్యది. నిజాంపేటలో హాస్టల్లో ఉన్న రోజుల్లో, ఎవరో గేటు దగ్గర వదిలేసి పోయిన పెర్షియన్ పిల్లిని తెచ్చి పెంచుకుంది. పెళ్లయ్యాక మదీనాగూడలో మా ఫ్లాటుకి ఆమెతోపాటు రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్, ఈ పిల్లి వచ్చాయి. దానికి ఒక పేరుంది. నేను ఆ పేరుతో పిలవను. తొట్టి పని మొత్తం ఆమే చూసుకునేది కనుక, హాలును ఆనుకుని ఉన్న ఆ చిన్న బాల్కనీ వైపు నేను వెళ్లకుండా ఏడాది గడిపాను.

ఆమెకు నెల తప్పింది. డాక్టరమ్మ తినవలసినవి, తినకూడనివి చెప్పాక, ఇంట్లో పిల్లి ఉందని తెలిసి, "దాని మలం మీరు ముట్టుకోకూడదు, ఆ ఇసుక కూడా. డెలివరీ అయ్యేదాకా మీవారే చూసుకోవాలి," అని నావైపు చూసింది. నేను తల ఊపాను. పనామె మాత్రం తల ఊపలేదు. "బాత్రూములు కడుగుత సార్. గీ పిల్లి దొడ్డి నాతోని కాదు. ఇగ నన్ను అడగకుండ్రి," అని మొదటి రోజే తేల్చేసింది.

నాకు అసహ్యం కలిగించేవి కొన్ని ఎప్పటినుంచో ఉన్నాయి. సింకు జాలీలో ఉబ్బిన అన్నం మెతుకులు. బాత్రూమ్ జాలీకి చుట్టుకున్న వెంట్రుకలు. హోటల్లో బల్ల తుడిచి వెళ్లిన తడిగుడ్డ వదిలిన వాసన. ఇప్పుడు వీటన్నిటి పైన ఇది చేరింది. మూత్రం తగిలిన ఇసుక గట్టిపడి, తొట్టి అడుగున మాడిన అట్టులా అంటుకునేది. చిల్లుల గరిటెతో గీకితే సగం విరిగి, లోపలి తడిభాగం బయటపడేది. అందులోంచి లేచే వాసన ముక్కులో ఆగేది కాదు, నాలుక మీద కూర్చునేది. ఆ రోజుల్లో ఆఫీసు క్యాంటీన్లో సేమ్యా ఉప్మా పెట్టినా ఆ గడ్డలే గుర్తొచ్చేవి. ప్లేటు వదిలేసి టీ తాగి వచ్చేవాణ్ని.

రెండు వారాలు భరించి, ఒక ఆదివారం నా భార్యతో చెప్పాను. "డెలివరీలోపు ఇది మంచిగ పోవుడు నేర్చుకోవాలె. లేకపోతే నిజాంపేట్‌ల నీ ఫ్రెండ్ దగ్గరికి పంపిద్దాం. పాకే పిల్ల ఉండే ఇంట్ల గిట్ల నడవది."

పిల్లి ఆమె ఒళ్లో ఉంది. దాని చెవి వెనక గోకుతూ, "హాస్టల్లో నాకు డెంగీ వచ్చినప్పుడు రూమ్‌మేట్స్ అందరూ ఊళ్లకి వెళ్లిపోయారు. పక్కన ఉన్నది ఇదొక్కటే," అంది. "పంపించాల్సి వస్తే పంపిద్దాం. కానీ నిజంగా ప్రయత్నం చేసి పంపించు. గ్లవుజులు వేసుకుని గుమ్మంలో నిలబడి మూలగడం ప్రయత్నం కాదు."

"నేనేం మూలుగుతలేను."

"డైపర్లు మార్చడానికి ప్రాక్టీసనుకో."

"మనుషుల పిల్లలకు అక్కడ గన్ని వెంట్రుకలుండయ్ కద," అన్నాను. ఆమె నవ్వింది కానీ పిల్లిని కాస్త దగ్గరికి లాక్కుంది.

ఆరో నెలలో అత్తమ్మ కాకినాడ నుంచి వచ్చింది. నాతో నేరుగా మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. నేను ఎదురుగా కూర్చుని తింటున్నా, "అల్లుడుగారు ఇంకో అట్టు వేసుకుంటారేమో అడగవే," అని కూతురితో అనేది. మా ఇంట్లో ఏదీ బాగాలేదని ఒక్కసారి కూడా అనలేదు. పిల్లి పక్కనుంచి పోతే మాత్రం చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని, అది వెళ్లిపోయేదాకా ఊపిరి బిగబట్టేది. ఆ విషయంలో ఆమె నా మనిషే అనుకున్నాను.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతకడం. అందులో మొదటి నియమం, ఒకసారి ఒక్కటే మార్చాలి, ఫలితం చూశాకే రెండోది. పిల్లితోనూ అదే చేశాను. ముందు ఇసుక మార్చాను. దుమ్ము రేగే మట్టి ఇసుక తీసేసి, సోయా పొట్టుతో చేసినది పోశాను. అది తడిస్తే మెత్తని ముద్దై, పిల్లి గోళ్ల సందుల్లో ఇరుక్కుని ఇల్లంతా తిరిగింది. మళ్లీ మట్టి ఇసుకకే వచ్చాను. తరువాత తొట్టి మార్చాను. మియాపూర్లో ప్లాస్టిక్ సామాన్ల దుకాణానికి వెళ్లి, దుప్పట్లు దాచుకునే పెద్ద డబ్బా కొని, ఒక వైపు గోడ సగం కోసి గుమ్మంలా చేశాను. గోడలు ఎత్తుగా ఉంటే వెనక భాగం బయటికి రాదని నా లెక్క. అది ఆ గుమ్మంలోనే నిలబడి, పని గుమ్మం బయట కానిచ్చింది.

మూడోది వెంట్రుకలు. పెర్షియన్ పిల్లికి తోక కింద జూలు లాంటి బొచ్చు ఉంటుంది. మలం అందులో చిక్కుకుని, ఎండి, చిన్న చిన్న ఉండలై వేలాడేది. అది కూర్చున్న చోటల్లా ఆ ఉండలు రాలేవి. ఒకటి నా దిండు మీద దొరికింది. కిస్మిస్ అనుకుని వేళ్లతో తీశాను. ఆ తరువాత సబ్బు సగం అరిగేదాకా చేతులు కడుక్కున్నాను.

నా భార్య దాని తల వైపు తువ్వాలు చుట్టి పట్టుకుంది. నేను రెండు మాస్కులు, రెండు జతల గ్లవుజులు వేసుకుని, నా గడ్డం ట్రిమ్మర్‌తో వెనక కూర్చున్నాను. ట్రిమ్మర్ చప్పుడుకి పిల్లి బిగుసుకుని, నా మోచేతి మీద వెచ్చగా ఏదో వదిలింది. చూడలేదు. చూస్తే ఆపేస్తానని తెలుసు. ఉండలన్నీ కాగితంలో పడ్డాక, నేను బాత్రూములోకి వెళ్లి పొద్దున తిన్నది కక్కేశాను. తలుపు బయట అత్తమ్మ గొంతు వినిపించింది. "నిమ్మకాయ నీళ్లు కలిపానని చెప్పవే." ఆ ట్రిమ్మర్ ఇప్పుడు పిల్లిదే. నేను కొత్తది కొనుక్కున్నాను.

మూడు మార్పులూ అయ్యాక ఫలితం వింతగా ఉంది. నేను ఇంటినుంచి పనిచేసే రోజుల్లో పిల్లి డబ్బాలోకి పూర్తిగా దిగేది. కాస్త ఇసుక చిమ్మేది, అంతే. ఆఫీసుకు వెళ్లిన రోజుల్లో మాత్రం, హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో గంటన్నర ఈది ఇంటికి రాగానే అదే దృశ్యం. గుమ్మం బయట మలం, హాలు పొడుగునా ఇసుక, తడికాళ్ల ముద్రలు. నేను చూస్తుంటే రాని తప్పు, చూడనప్పుడే వచ్చే తప్పు. మా వృత్తిలో ఇంతకన్నా చిరాకైనది లేదు.

"నువ్వు లేకపోతే బెంగ పెట్టుకుంటోంది," అంది నా భార్య.

"నా మీద దానికేం బెంగ?"

"రోజూ దాని వెనకాలే కూర్చునేది నువ్వే కదా."

ఆ మాట సగం నమ్మాను. ఒక జంతువుకి నామీద మనసుందని కాస్త గర్వం కూడా కలిగింది. ఆ గర్వంతోనే రోజూ సాయంత్రం దాని మలం ఎత్తాను. అదే రోజుల్లో నేను పనిచేసుకునే గదిలో, బల్ల కింద, ఏదో వాసన మొదలైంది. నా స్పోర్ట్స్ బూట్లని అనుకుని రెండుసార్లు కడిగి ఎండేశాను. వాసన పోలేదు. నా పాదాలనే అనుమానించడం మొదలుపెట్టాను.

ఎనిమిదో నెల దగ్గరపడింది. నా భార్య నిజాంపేట స్నేహితురాలితో ఫోనులో మాట్లాడుతుండగా విన్నాను. "తలుపు వేసి ఉంచితే అరుస్తుంది. అరిస్తే తిట్టకు," అని చెబుతోంది. నన్ను చూసి పడకగదిలోకి వెళ్లిపోయింది. నేను గెలవబోతున్నానని ఆ క్షణంలో నాకు అర్థమైంది, అయితే గెలిచినట్టు అనిపించలేదు.

ఆ వారంలోనే ఒక రోజు, ఇద్దరం ఆఫీసులకు బయలుదేరాక, సగం దారిలో ల్యాప్‌టాప్ చార్జర్ మరచిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి వచ్చాను. తాళంచెవి నా దగ్గరే ఉంది కనుక బెల్లు కొట్టకుండా తలుపు తీశాను.

హాలు మధ్యలో అత్తమ్మ. కొంగు ముక్కుకి చుట్టి వెనక ముడి వేసుకుంది. చేతుల్లో పాత దుప్పటి కొస. ఆ దుప్పటి మీద పిల్లి డబ్బా. ఆమె వెనక్కి నడుస్తూ దాన్ని నా గది వైపు ఈడుస్తోంది. ఈడ్చిన దారి పొడుగునా ఇసుక. బాల్కనీలో డబ్బా ఉండే చోట ఫినాయిల్ తెల్లగా మడుగు కట్టి ఉంది. పిల్లి సోఫా చేతి మీద కూర్చుని, సామాన్లు దింపించుకుంటున్న యజమానిలా చూస్తోంది.

"ఏంది అత్తమ్మా ఇది?" అన్నాను.

ఆమె దుప్పటి వదిలేసి, కొంగు ముడి విప్పబోయి, ఆ చేతులతో ముట్టకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది. తన మాట నాకు చెప్పమనడానికి కూతురు ఇంట్లో లేదు. గోడకేసి చూస్తూ, "ఈశాన్యమండి," అంది.

"ఏందది?"

"ఆ బాల్కనీ ఈశాన్యమండి. ఈశాన్యంలో దొడ్డి ఉండకూడదండి. అందులోనూ కడుపుతో ఉన్న పిల్ల తిరిగే ఇల్లు. మీ గది వాయవ్యమండి. అక్కడైతే దోషం లేదు. మీతో చెబితే నవ్వుతారని, మీరు లేనప్పుడు మార్చి, సాయంత్రం మళ్లీ పెట్టేస్తున్నాను."

నేను నవ్వలేదు. తప్పు దొరికిందన్న సంతోషం ముందు ముంచుకొచ్చింది. ఈడ్చినప్పుడు ఇసుక ఒక వైపుకి పోగవుతోంది. సాయంత్రం తిరిగి తెచ్చేసరికి బాల్కనీ అంతా ఫినాయిల్. ఆ ఘాటులో లోపలికి దిగలేక పిల్లి గుమ్మంలోనే గబగబా కానిచ్చి పరుగెత్తుతోంది. నేను ఇంట్లో ఉన్న రోజు ఈమె కదపదు, ఫినాయిల్ పొయ్యదు. నా బూట్లు నిర్దోషులు.

ఆ తరువాత ఆమె జుట్టు గమనించాను. ఆఫీసు రోజుల్లో ఆమె తల ఎప్పుడూ తడిగా ఉండేది. కాకినాడ వాళ్ల అలవాటేమో అనుకున్నాను. దుప్పటి ముట్టినందుకు ఒకసారి, తిరిగి పెట్టినందుకు మరోసారి, రోజుకి రెండు తలస్నానాలు. దాని పక్కన నిలబడటానికే ఊపిరి బిగబట్టే మనిషి, వారానికి మూడు రోజులు, దాని మలంతో సహా డబ్బాను హాలు దాటిస్తోంది.

"నా గదిల ఎట్ల పోతది?" అని అడిగాను.

"బుద్ధిగానే వెళ్తుందండి," అంది. మొదటిసారి పిల్లి గురించి మంచి మాట విన్నాను. "నాలుగు కాళ్లూ లోపల పెట్టుకునే."

నా ముందు రెండు దారులున్నాయి. వాస్తు లేదు, గీస్తు లేదు అని వాదించి బాల్కనీలోనే ఉంచడం ఒకటి. వాదనలో గెలుస్తాను, ఆమె పురుడు అయ్యేదాకా దిగులు పడుతుంది, ఆ దిగులు నా భార్యకు అంటుతుంది. రెండోది నా గది. ఆలోచిస్తుండగానే పిల్లి సోఫా దిగి, హాలు మధ్యలో దుప్పటి మీద ఉన్న డబ్బాలోకి మా ఇద్దరి ముందే దిగింది. నాలుగు కాళ్లతో. అత్తమ్మ మొహం తిప్పుకుంది. నేనూ తిప్పుకున్నాను. కానీ ముక్కును తిప్పుకోలేం.

"ఇగ దాన్ని కదపకుండ్రి. నా గదిలనే ఉండనీ," అన్నాను.

సాయంత్రం నా భార్య వచ్చి, బల్ల పక్కన డబ్బా చూసి, నన్ను చూసి, స్నేహితురాలికి ఫోను చేసింది. ఈసారి నా ముందునుంచి తప్పుకోలేదు.

డబ్బా స్థిరపడ్డాక పిల్లి శుభ్రంగా ఉంది. నేనే బాగాలేను. మీటింగులో నేను మాట్లాడుతుంటే అది నా కుర్చీకి మూరెడు దూరంలో దిగి తవ్వుతుంది. "మీ వెనకాల ఏదో పని జరుగుతున్నట్టుంది," అన్నాడు మా మేనేజరు ఒకసారి. జరుగుతోంది. ఆ పని అయ్యాక గది నిండే వాసనతో, ముఖం కదలకుండా, నేను సాఫ్ట్‌వేర్లో తప్పులకు కారణాలు వివరిస్తాను. అలవాటవుతుందన్నారు. అలవాటు కాలేదు. అత్తమ్మ కాఫీ తెస్తే గడప అవతలే ఆగి గ్లాసు ముందుకు చాపుతుంది, నేనే లేచి వెళ్లి అందుకుంటాను.

ఆ కాఫీ బాల్కనీలో తాగుతాను. ఇప్పుడక్కడ అత్తమ్మ కడిగి, పసుపునీళ్లు చల్లి, ఒక రాగిచెంబు నిండా నీళ్లు పెట్టింది. ఈశాన్యంలో నీళ్లుంటే బిడ్డకి మంచిదట. పిల్లి నా గదిలో పని కానిచ్చుకుని, తోక ఎత్తి, కింద అంతా శ్రద్ధగా నాకుకుని, తిన్నగా వచ్చి ఆ చెంబులో మూతి పెట్టి తాగుతుంది. ఆ నాలుక ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

అత్తమ్మ వంటింట్లో ఉందో లేదో చూసి, ఆ నీళ్లు పారబోసి, చెంబు తోమి, మళ్లీ నింపి అదే చోట పెడతాను. తరువాత వెళ్లి స్నానం చేస్తాను.