నోరు మెదపని పన్నెండు రోజులు

పదిహేనేళ్లు టెక్సస్‌లోని ప్లేనోలో కాపురం చేసి, అమెరికా పాస్‌పోర్టు కూడా చేతికొచ్చాక, మావారి ఉద్యోగం కోసం జర్మనీలో ఉల్మ్ అనే చిన్న ఊరికి చేరాం. చేరిన మొదటి నెలలోనే ఒక ఆదివారం పొద్దున దోసెల పిండికి మిక్సీ వేశాను. పది నిమిషాలు తిరక్కముందే కింది వాటాలో ఉండే ఉర్సులా గారు తలుపు తట్టారు. డెబ్బై ఏళ్ల మనిషి. "మీ వంట వాసన నాకు ఇష్టం. ఆదివారం ఈ మోత మాత్రం ఇష్టం లేదు," అని చెప్పి, చిన్నగా నవ్వి, మెట్లు దిగి వెళ్లిపోయారు. అక్కడ ఆదివారం చప్పుడు చేయకూడదని నాకప్పుడు తెలిసింది. మనమైతే ఆ ఒక్క మాట చెప్పడానికి ఆర్నెల్లు మొహం ముడుచుకుని తిరుగుతాం, చివరికి ఇంకెవరితోనో చెప్పిస్తాం. మొదట నాకు ఒళ్లు మండింది. తర్వాత తర్వాత ఆవిడే నాకు దగ్గరి మనిషి అయింది.

రెండేళ్లలో నేను బాగానే కుదురుకున్నాను. ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలో వచ్చింది. రోడ్డు మీద ఒక్క కారు లేకపోయినా ఎర్ర లైటు దగ్గర ఆగడం వచ్చింది. పొద్దున లేవగానే, చలికాలంలో కూడా, ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచి పది నిమిషాలు గాలి ఆడనివ్వడం వచ్చింది. కుదురుకోనిది మా అమ్మాయి సహజ. పద్నాలుగేళ్లప్పుడు స్నేహితులను వదిలి వచ్చిన పిల్ల, మొదటి ఆర్నెల్లు ఏడుస్తూనే ఉంది. ఆ ఏడుపు చూడలేక, పదకొండో తరగతికి ప్లేనో పంపిస్తామని మాట ఇచ్చాం. అక్కడ నా స్నేహితురాలు పద్మ, తన ఇంట్లో ఉంచుకుని చదివిస్తానంది. పద్మ కూతురు నిత్య, సహజ ఎల్కేజీ నుంచి జంట.

తీరా ఆ వేసవి రానే వచ్చింది. వెళ్లి రెండు వారాలు చూసి, ఉండాలో తిరిగి రావాలో తనే తేల్చుకుంటానంది సహజ. ఒక షరతు పెట్టింది.

"అమ్మా, నువ్వు ఉండు అనొద్దు, రా అనొద్దు. ఏడవద్దు. ప్రామిస్?"

ప్రామిస్ చేశాను. నోరు మూసుకుని ఉండటం నా వంటికి పడదని మా బంధువులందరికీ తెలుసు. అయినా చేశాను. ఇద్దరికీ రానూపోనూ టికెట్లు తీసుకున్నాం, దాని తిరుగు టికెట్ కావాలంటే మార్చుకునేటట్టు. మావారు కూడా ఆ రెండు వారాలు ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్తున్నారు. బయల్దేరేముందు ఇంటి తాళం ఇవ్వడానికి వెళ్తే ఉర్సులా గారు అడిగారు, "పిల్ల మీతోనే ఉండాలని మీకుందా?" ఉందన్నాను. "ఆ మాట దానికి చెప్పారా?" చెప్పకూడదని ఒప్పందమండీ అన్నాను. ఆవిడ తల ఒకవైపు వంచి నన్ను చూసి, తాళం తీసుకున్నారు.

జూలై చివరి సోమవారం పొద్దున ఆరు గంటలకు ఉల్మ్‌లో రైలెక్కాం. జర్మనీ రైళ్లు గడియారం పెట్టినట్టు నడుస్తాయని అనుకునేవాళ్లు ఆ మాట మర్చిపోండి. విమానం ఉంటే, అవసరమైన రైలు కంటే ముందు రైలు ఎక్కాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒంటిగంటకు విమానం, న్యూవార్క్‌లో దిగేసరికి అక్కడి టైం పావు తక్కువ నాలుగు. మధ్యలో నేను తెచ్చిన పులిహోర డబ్బా తెరిస్తే, పక్క సీటు పెద్దాయన వాసన పట్టి, ఒక చెంచా పెట్టించుకుని తిన్నాడు. ఇమిగ్రేషన్‌లో ఆఫీసర్ మా నీలం పాస్‌పోర్టులు చూసి, "వెల్కమ్ హోమ్" అన్నాడు. సహజ మొహం వెలిగిపోయింది. నేను పాస్‌పోర్టులు గబగబా సంచిలో పెట్టేసుకున్నాను.

న్యూవార్క్‌కి దగ్గర్లోనే పిస్కాటవేలో మా అక్క కూతురు హరిణి ఎం.ఎస్. చదువుతోంది, రెండు రాత్రులు దాని దగ్గర ఉండాలని ప్లాన్. ఎయిర్‌పోర్టు నుంచి దాని ఇంటికి దగ్గరైన ఎడిసన్ స్టేషన్‌కి రైలు అరగంట. బోగీలో మా ఎదురుగా పది కిలోల సోనా మసూరి మూటను ఒళ్లో పెట్టుకుని ఒకబ్బాయి కూర్చున్నాడు. కరీంనగర్ అట. సహజ జర్మనీ నుంచి వచ్చానంటే ఆశ్చర్యపోయాడు.

"అమెరికా సిటిజన్ అయ్యుండి జర్మనీల ఏం జేస్తున్నవ్ సిస్టర్? మేమిక్కడ ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద కిందా మీదా పడుతున్నం."

"స్కూల్‌కి సైకిల్ మీద వెళ్తా," అంది సహజ. నోటికొచ్చిన జవాబు అది. నాకు మాత్రం అది గుర్తుండిపోయింది.

హరిణి వాళ్లు నలుగురమ్మాయిలు ఒకే ఇంట్లో ఉంటున్నారు. రైస్ కుక్కర్ ఒకటే కావడంతో గోడ మీద వంతుల కాగితం అంటించారు. "మొదటి సెమిస్టర్ అంతా ఇంటికి పోతానని ఏడ్చా పిన్నీ. ఇప్పుడు ఇంటికెళ్తే ఈ వంతుల కాగితం గుర్తొస్తుంది," అంది నవ్వుతూ. సహజ ఆ కాగితాన్ని ఫోటో తీసుకుంది.

బుధవారం పొద్దున న్యూవార్క్ నుంచి, ప్లేనో పక్కనే ఉన్న డాలస్‌కి నాలుగు గంటల ప్రయాణం. ఎయిర్‌పోర్టు తలుపు దాటగానే ఆ వేడి మొహాన కొట్టింది. పద్మ ఎప్పటిలాగే పెద్ద కారుతో వచ్చింది. నిత్య, సహజ ఒకరినొకరు పట్టుకుని అక్కడే గెంతారు. ఇంటికెళ్తే పైన ఒక గది సిద్ధంగా ఉంది. కొత్త టేబుల్, కొత్త దుప్పట్లు, గోడ మీద చిన్నప్పటి ఫోటోలు.

"నీ బిడ్డ నా బిడ్డ కాదా ఉషా, నువ్వేం ఫికర్ జేయకు," అంది పద్మ. పద్మది నల్గొండ. మనసులో ఏది ఉంటే అది వండి పెట్టేస్తుంది. ఆ మధ్యాహ్నం గుత్తివంకాయ, మటన్ పులుసు, పెరుగు. తిని, ఏసీలో, ఇద్దరం మూడు గంటలు నిద్రపోయాం.

ఎవరైనా ప్లేనోకి జర్మనీ నుంచి వెళ్తుంటే ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి. శుక్రవారం పొద్దున ఆరుంబావుకి ఇల్లంతా సైరన్. గదిలోంచి పరిగెత్తుకొస్తే, పద్మ భర్త శ్రీధర్ గారు లుంగీ ఒక చేత్తో, క్రికెట్ బ్యాట్ ఒక చేత్తో పట్టుకుని హాల్లో ఉన్నారు. సెక్యూరిటీ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి దొంగలెవరైనా వచ్చారా అని అడుగుతున్నారు. మెట్ల మధ్యలో సహజ నిలబడి ఉంది.

"సారీ అంకుల్. నేను జస్ట్ గాలి కోసం విండోస్ ఓపెన్ చేసా."

"కిటికీలా?" అన్నారు శ్రీధర్ గారు. ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా ఉంటున్నారు, అవి తెరుచుకుంటాయని ఆయనకి ఆ రోజే తెలిసిందనుకుంటా. కిటికీ తెరిచినా మోగే దొంగల అలారం అది. పద్మ ఫోన్‌లో పాస్‌వర్డ్ చెప్పి, సోఫాలో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. సహజ కూడా నవ్వింది. కానీ కాఫీ తాగేటప్పుడు చూశాను, ఆ మూసిన కిటికీ అద్దం వంకే చూస్తోంది.

ఆ సాయంత్రం కొత్తిమీర కావాలంటే మేమిద్దరం నడిచి వెళ్తామన్నాం. ఇండియన్ షాపు మైలు దూరం కూడా లేదు. గుడ్డ సంచి భుజాన వేసుకుని బయల్దేరాం. సగం దూరంలో మూడు కార్లు ఆగాయి. మొదటిది ఎవరో తెల్లావిడ, సాయం కావాలా అని. రెండోది మా పాత పొరుగింటి రావు గారు. "కార్ ట్రబులిచ్చిందా అమ్మా? ఎక్కండి ఎక్కండి." నడుస్తున్నామండీ అంటే ఆయనకి జాలేసింది. మూడోది సాక్షాత్తూ నిత్యే, పదహారేళ్లకే లైసెన్స్ తెచ్చుకుని నడుపుతున్న కారు. "ఆంటీ, మామ్ పంపింది. ఎండలో ఏమైనా అవుతుందని." ఇంకొంచెం ముందుకెళ్తే కాలిబాటే అయిపోయింది, గడ్డి మొదలైంది. ఎక్కేశాం.

ఆ తర్వాతి వారం హాయిగానే గడిచింది. సినిమాలు, పాత డాన్స్ టీచర్ దగ్గరికి, ఒకరి తర్వాత ఒకరి ఇంట్లో భోజనాలు. ప్లేనోలో అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే, "పిల్ల ఉంటుందా, వెళ్తుందా?" దాన్నే అడగండి అనేదాన్ని. సహజేమో ఎక్కడికెళ్లాలన్నా "ఆంటీ, నన్ను డ్రాప్ చేస్తారా?" అని అడగడం, వాళ్లు సంతోషంగా దింపడం. ఒకరోజు పద్మ సింక్ కింద అర తెరిచి నన్ను పిలిచింది. ఖాళీ నీళ్ల బాటిళ్లు పద్నాలుగు, కడిగి, వరుసగా పెట్టి ఉన్నాయి. ఉల్మ్‌లో వాటిని షాపులో తిరిగిచ్చి డబ్బులు తీసుకుంటాం.

"ఇవేందే? నీ బిడ్డ పాత సామాన్ల దుకాణం పెడ్తదా?"

ఇద్దరం నవ్వుకున్నాం. నాకు లోపల చిన్న ఆశ పుట్టింది. దాన్ని నొక్కేశాను, ప్రామిస్ ప్రామిసే.

రెండో శుక్రవారం స్కూల్లో కాగితాలు ఇవ్వాల్సిన ఆఖరి రోజు. పద్మ పేరు గార్డియన్‌గా రాసి ఉంది. తల్లి సంతకం చోట ఖాళీ. ఇస్తే మళ్లీ వెనక్కి తీసుకోవచ్చు, ఇవ్వకపోతే సీటు ఉండదన్నారు. సహజ నా మొహం వైపే చూస్తోంది. నేను ఎంతో ధైర్యంగా అక్కడి అమ్మాయిని పెన్ను అడిగి సంతకం పెట్టాను. నవ్వాను కూడా. సహజ కిటికీ వైపు తిరిగింది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను.

శనివారం సాయంత్రం నాలుగింటికి మా విమానం. నా సూట్‌కేసు సర్దేశాను, దాని బట్టలు పైన అలమరలోనే ఉన్నాయి. పొద్దున ఆరింటికే, ఎండ ముదరకముందు, నడకకి వస్తావా అని లేపితే వచ్చింది.  మొన్న కాలిబాట అయిపోయిన చోట ఆగాం. ఆ గడ్డి చూస్తుంటే నాకు ఉర్సులా గారు తాళం తీసుకుంటూ తల వంచి చూసిన చూపు గుర్తొచ్చింది. ఆవిడకి మిక్సీ నచ్చకపోతే పది నిమిషాల్లో మెట్లెక్కి వచ్చి చెప్పింది. నా ఒక్కగానొక్క కూతురు నన్ను వదిలి ఉండిపోతుంటే నేను పన్నెండు రోజులుగా నవ్వుతూ తిరుగుతున్నాను.

"సహజా, నాతో వచ్చెయ్యి. నువ్వు లేకుండా నేను ఉండలేను. నువ్వు ఉంటానంటే ఆపను. కానీ నాకు నువ్వు కావాలి."

ఏడవద్దన్న షరతు కూడా అక్కడే పోయింది.

అది నన్ను తేరిపార చూసింది. "ట్వెల్వ్ డేస్, అమ్మా."

"చెప్పొద్దన్నది నువ్వే కదే."

"చెప్పొద్దంటే నిజంగా చెప్పకుండా ఉంటావని నాకేం తెలుసు? నువ్వెప్పుడైనా నా మాట విన్నావా?" ఆ గడ్డిని కాలితో తన్నింది. "నిన్న పెన్ అడిగి మరీ సైన్ చేసావు. నవ్వావు. నేను లేకపోతే నీకు ఓకే అనుకున్నా."

 నేను ప్రేమ అనుకుని దాచుకున్నది, తను నాకు అక్కర్లేనట్టు దానికి కనిపించింది. దగ్గరికి తీసుకుని, అదే మాట ఇంకో నాలుగుసార్లు చెప్పాను. కాసేపటికి అది కళ్లు తుడుచుకుని, "అలారం మోగిన రోజే వెళ్లిపోవాలనిపించింది," అంది. "ఇక్కడ అందరూ నైస్. కానీ నన్ను ఎవరో ఒకరు డ్రైవ్ చేయాలి. అక్కడ నా సైకిల్ ఉంది. నువ్వు అడుగుతావేమోనని ఆగా."

అంతలో ఒక కారు నెమ్మదించింది. రావు గారు. ఇద్దరి ఏడుపు మొహాలూ చూసి, "ఈసారి కార్ ట్రబులేనా అమ్మా?" అన్నారు. నవ్వు ఆగలేదు మాకు.

పద్మ కాసేపు అలిగింది. తర్వాత ఆ కాగితాలు తనే వెనక్కి తీసుకుంటానంది. సహజ సూట్‌కేసులో రెండు కిలోల కారప్పొడి, ఊరగాయ కుక్కి, "టేబుల్ ఎక్కడికీ పోదు. సెలవులకి రా, కానీ కిటికీలు ముట్టకు," అంది. నిత్య మమ్మల్ని ఎయిర్‌పోర్టుకి డ్రైవ్ చేసింది. వాళ్లిద్దరూ దారంతా ఒక్క క్షణం నోరు మూయలేదు. గేటు దగ్గర ఉర్సులా గారికి మెసేజ్ పెట్టాను, చెప్పేశానని. "ఆలస్యంగా. అయినా మంచిదే. ఆదివారం దిగుతున్నారు, షాపులుండవు. ఇద్దరికీ పాలు, రొట్టె తెచ్చి పెడతాను," అని జవాబొచ్చింది.

ప్లేనో నాకు ఇప్పటికీ పుట్టింటిలాంటిదే. తిండి, ఆప్యాయత, అడగకముందే ఆగే కార్లు. అక్కడికి వెళ్లేవాళ్లు తప్పక వెళ్లండి. అలారం కోడ్ మాత్రం ముందే అడిగి పెట్టుకోండి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి దిగాం. ఇమిగ్రేషన్‌లో ఆఫీసర్ మా పాస్‌పోర్టులు, నివాస కార్డులు తిప్పి చూసి, మాటా పలుకూ లేకుండా తిరిగిచ్చేశాడు. సహజ పది అడుగులు వేసి ఆగింది.

"చూసావా, ఈయన వెల్కమ్ హోమ్ అనలేదు."

"నేనంటున్నాగా," అన్నాను. "పద ఇంటికి."

ఉల్మ్ రైలు నలభై నిమిషాలు లేటని బోర్డు మీద వేశారు. ఇద్దరం బెంచీ మీద కూర్చుని పద్మ కట్టిచ్చిన పెరుగన్నం తిన్నాం.