చెయ్యి వదిలినా ఆగని స్వరం

మా చర్చిలో కీబోర్డు వాయించేది నేనే. మిగతా ఆరు రోజులూ చిలకలూరిపేటలో ఓ జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పని. బస్సులో నిలబడి పోవడం, నిలబడి రావడం.

రెండు చేతులూ కీబోర్డు మెట్ల మీదే ఉంటాయి కాబట్టి పాట మధ్యలో శబ్దం పెంచడానికి కాలికింద ఒక పెడల్ ఉండేది. అది పాడైంది. కండరం బిగిస్తే చర్మం మీద పుట్టే సన్నటి కరెంటుతో ఆ పని చేయించవచ్చని ఎక్కడో చదివాను. మెడికల్ షాపులో ఈసీజీ స్టిక్కర్లు కొని, ల్యాబులో సర్క్యూట్ అతికించుకుని, రెండు నెలలు తంటాలు పడ్డాను. మొదట్లో గోడలోని కరెంటు గుయ్యిమని మోగడం తప్ప ఏమీ రాలేదు. బ్యాటరీ పెట్టాక కుదిరింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఆయన్ని కూర్చోబెట్టి, మోచేతి కింద స్టిక్కర్లు అంటించాను. కండ బిగిస్తే పెరిగేలా, వదిలితే ఆగిపోయేలా ఒక స్వరం పెట్టాను. ఆయన స్పిన్నింగ్ మిల్లులో తెగిన దారాలు అతికిస్తాడు. పద్దెనిమిదేళ్లుగా అదే పని.

"పిడికిలి బిగించండి."

స్వరం పెద్దదైంది. నవ్వాడు.

"ఇప్పుడు వదిలేయండి."

స్వరం తగ్గింది గానీ ఆగలేదు.

"వదిలేయండి అన్నాను కదా."

"వదిలేశానే. ఇంతకంటే ఎట్లా వదలాలి?"

తీగలు మార్చి చూశాను. నా చేతికి పెట్టుకుంటే ఆగుతోంది. ఆయన చేతికి పెడితే సన్నగా మోగుతూనే ఉంది. నొక్కి చూస్తే ఆ కండ చెక్కలా ఉంది.

"నొప్పిగా ఉందా?"

"ఎప్పుడూ ఉండేదేగా. నొప్పనుకోను."

"సెలవు పెట్టి డాక్టరుకు చూపించుకోండి."

"చూద్దాంలే."

నాకూ ఓపిక లేదు. సర్క్యూట్‌ను నడిపే ప్రోగ్రాములో ఒక అంకె పెంచాను. ఆ మాత్రం బిగువు ఉన్నా లేనట్టే తీసుకుంటుంది. స్వరం ఆగిపోయింది.

"చూశావా, బాగైపోయింది" అన్నాడు. స్టిక్కర్లు పీకుతుంటే వెంట్రుకలు ఊడొచ్చాయి. ఆయన చెయ్యి కదపలేదు.

తర్వాత వాటిని నా పిక్కకు పెట్టుకుని అలవాటు చేసుకున్నాను. రెండు వారాలకు ఆరాధనలో వాడాను. రెండో చరణం దగ్గర కాలు బిగించగానే శబ్దం నిండుగా లేచింది. కొత్త స్పీకర్లు తెచ్చారా అని ఒక పెద్దావిడ అడిగింది.

ఆయనకు ఆ ఆదివారం డ్యూటీ పడింది. సాయంత్రం వచ్చాక చెబుదామని అన్నం పెట్టాను. నాలుగు ముద్దలు తిని, కంచం ముందే గోడకు ఆనుకుని నిద్రపోయాడు. నేను కంచం తీసి, ఆయన చెయ్యి తుడిచాను.