పెద్ద వీధిలో చెంబు నీళ్ళు

మా డ్రిల్లు మాస్టారు పోయారు. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, మాస్టారు నిద్దట్లోనే ఎలిపోనారు. బేగి వచ్చీ," అన్నాడు. "ఏ దారిన తీసుకెళ్తన్నార్రా?" అని అడిగాను. "పెద్ద ఈదినే. అలాగని ఆయనే సెప్పి ఎల్లేరు," అన్నాడు. గాజువాకలో చోడవరం బస్సెక్కాను. ఏడుపు కంటే ముందు నాకు భయం వచ్చింది.

ఆ భయం ఎందుకో చెప్పాలి. మాది చోడవరానికి దగ్గర్లో ఓ చిన్న ఊరు. మా దళితుల కాలనీకీ శ్మశానానికీ మధ్యన పెద్ద కులాల రైతులుండే పెద్ద వీధి ఉంది. బతికున్నంత కాలం ఆ వీధిలో నడవొచ్చు, కొట్టుకెళ్ళొచ్చు, వాళ్ళ కళ్ళాల్లో పనికెళ్ళొచ్చు. పోయాక మాత్రం మావాళ్ళని చెరకు తోటల గట్ల మీదుగా చుట్టు తిప్పి మోసుకెళ్ళాల్సిందే. మా నాన్న పోయింది వానాకాలంలో. గట్టు జారి, పాడె మోసేవాళ్ళు బురదలో కూలబడ్డారు. నాన్న కింద పడ్డాడు.

ఆ సాయంత్రం తమ్ముడూ, వాడి ఈడు కుర్రాళ్ళూ పెద్ద వీధి మీదికి వెళ్ళడానికి కర్రలు తీశారు. మాస్టారు వచ్చి కాలనీ మొగలో, దారికి అడ్డంగా నేల మీద కూర్చున్నారు. బళ్ళో ఆయన గొంతు వింటేనే మాకు చలిజ్వరం వచ్చేది. ఆ రోజు మాత్రం నెమ్మదిగా, "నన్ను తొక్కి ఎల్లండ్రా," అన్నారు. ఎవరూ వెళ్ళలేదు.

మాస్టారూ మా కాలనీ మనిషే. రిటైరయ్యే ముందే బౌద్ధం పుచ్చుకున్నారు. ప్రతి పౌర్ణమికీ అనకాపల్లి దగ్గరున్న పాత బౌద్ధారామం కొండకి వెళ్ళి, మెట్ల మీద ఊరికే కూర్చుని వచ్చేవారు. "రాళ్ళని సూడ్డానికి బస్సు సార్జీ దండగ కదా మాస్టారూ," అని ఏడిపించేదాన్ని. "నా కోపాన్ని కాస్త కాస్త అక్కడ దించొస్తన్నానే గుంటా. మిమ్మల్నందర్నీ సితక్కొట్టీసేను కదా, సేనా ఉంది," అనేవారు. బుద్ధ పౌర్ణమికి మాడుగుల హల్వా తెచ్చి, గోరంత ముక్కలు కోసి ఊరంతా పంచేవారు. ఇంకొకటి పెట్టమంటే, "ఆశ పుడతాది, బుద్ధుడు ఒప్పుకోడు," అని పొట్లం మూసేసేవారు. ఆ ఒప్పుకోనివాడు బుద్ధుడో మాస్టారో నాకు ఇప్పటికీ అనుమానమే.

నాన్న పోయిన కొన్నాళ్ళకి, మా శవాల్ని కూడా ఆ దారిన పోనివ్వాలని అర్జీ ఇవ్వడానికి, మాస్టారు కాలనీ అంతటినీ పెద్ద వీధిలోంచి చోడవరం తాసిల్దారు ఆఫీసుకి నడిపించారు. డప్పు లేదు, నినాదం లేదు. మనిషికో చెంబు. అందులో నిండా నీళ్ళు. రెండు చేతులా పట్టుకుని నడవాలి. "రెండు సేతులూ నిండుగా ఉన్నోడు రాయి ఎత్తలేడు. కోపం వస్తే రానీండి. నీళ్ళు మాత్రం ఒలక్కుండా సూసుకోండి," అన్నారు. దారిలో దాహమన్నవాళ్ళకి ఆ నీళ్ళే పొయ్యాలి, వచ్చింది పోలీసైనా సరే. డ్రిల్లు మాస్టారంటే ముందు నడుస్తారనుకుంటాం కదా. ఆయన అందరికంటే వెనక, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మల వెనక నడిచారు. మెడలో విజిలుంది. ఊదలేదు.

వీధిలో ఒక రైతు చేతులు కట్టుకుని మాకు అడ్డంగా నిలబడ్డాడు. చిన్నప్పుడు మాస్టారి దగ్గరే కబడ్డీ నేర్చుకున్నవాడు. "మీ పీనుగులు ఈ ఈదిని రావు," అన్నాడు. మాస్టారు వెనకనుంచి మెల్లగా వచ్చి తన చెంబు చాపారు. "ఎండగా ఉంది. తాగరా." అతను తీసుకోలేదు, పక్కకి తప్పుకోనూ లేదు. నా చెంబులో నీళ్ళు అతని మొహాన కొట్టాలనిపించింది. మాస్టారు ఒక్కసారి నా చేతుల వైపు చూశారు. అంతే, ఒదిగి ఒదిగి అతణ్ణి దాటుకుని వెళ్ళిపోయాం. ఆ చూపుకి ఈ రోజుకీ దణ్ణం పెట్టుకుంటాను.

వీధి అందరిదీ అని ఆర్డరు వచ్చింది. కాగితమైతే వచ్చింది గానీ మాకే కాళ్ళు సాగలేదు. ఆ తర్వాత పోయినవాళ్ళని కూడా గట్ల మీదే తీసుకెళ్ళాం. మాస్టారు ఎవర్నీ ఏమీ అనలేదు. "బతికున్నోడికి భయముంటాది. పోయేక నాకేటి భయం? నన్ను ముందెట్టుకుని నడవండి," అని నవ్వేవారు. నేనూ నవ్వేసేదాన్ని.

మధ్యాహ్నం ఆయన్ని ముందు పెట్టుకునే బయల్దేరాం. తెల్ల గుడ్డ, మెడలో ఆ విజిలు. తమ్ముడు పాడె ముందు కొమ్ము పట్టాడు. మిగతా అందరి చేతుల్లో చెంబులు. "బుద్ధం శరణం గచ్ఛామి" అని సన్నగా అనుకుంటూ పెద్ద వీధిలోకి తిరిగాం. ఒక్కో తలుపూ మూసుకుంటోంది. ఆ రైతు మాత్రం తన వాకిట్లో నిలబడి ఉన్నాడు, జుట్టు నెరిసింది. చేతిలో చెంబు.

మా వైపు ఇంటి ముందునుంచి శవం వెళితే, మైల పోవాలని వాకిట్లో నీళ్ళు చల్లుతారు. ఇతను మేం దాటేదాకా కూడా ఆగడేమో, మా కళ్ళ ముందే చల్లుతాడేమో అనుకున్నాను. తమ్ముడికీ అదే తోచినట్టుంది, పాడె మీంచి ఒక చెయ్యి తీయబోయాడు. "ఒరే, పాడె మీద సెయ్యి తియ్యకు," అన్నాను. "తియ్యనక్కా," అన్నాడు.

పాడె అతని వాకిలి దాటింది. నీళ్ళ చప్పుడు కోసం చెవులు రిక్కించి నడిచాను. ఎంతకీ వినబడలేదు. వీధి చివర మలుపులో ఆగలేక వెనక్కి తిరిగి చూశాను. అందరికంటే వెనక, మోకాళ్ళ నొప్పుల ముసలమ్మల వెనక, మాస్టారు నడిచే చోట, అతను వస్తున్నాడు. చెంబు రెండు చేతులా పట్టుకుని, నీళ్ళు ఒలక్కుండా చూసుకుంటూ.